వాయించాడా, వాయించాడటా? నీరో ఫిడేలు, మన 'ట'

అందరికీ నమస్కారం. గ్రూపులో ఎప్పటినుంచో చదువుతున్నాను గానీ ఇంత పెద్ద పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి, కాస్త ఓపిక పట్టండి.

మొన్న ఆదివారం మా అమ్మాయి తెలుగు వ్యాసం రాసుకుంటూ "రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించాడు" అని రాసి పైకి చదివింది. పక్కన కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తయ్య "వాయించాడు అని రాయకు తల్లీ, వాయించాడట అని రాయి, మనమేమైనా చూశామా" అన్నారు. పిల్ల ఒప్పుకోలేదు, సామెత అలాగే ఉంటుంది నానమ్మా, పేపర్లో కూడా అలాగే వేస్తారు అంది. పేపర్లో అలాగే వేస్తాం, అది నిజమే, నేను 14 ఏళ్ళుగా న్యూస్ డెస్కులో ఉన్నాను, వరదలొచ్చినప్పుడూ కరువొచ్చినప్పుడూ ఎవరో ఒక నాయకుడి మీద ఆ హెడ్డింగ్ నేనే ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ఆ చివర 'ట' పెట్టాలని తోచలేదు.

ఆ ఒక్క అక్షరం నన్ను రెండు రోజులు వదల్లేదు, డ్యూటీ అయ్యాక ఇంటికొచ్చి సూటోనియస్ పుస్తకం తీశాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, సూటోనియస్ క్రీ.శ. 70 ప్రాంతంలో పుట్టిన రోమన్, హేడ్రియన్ చక్రవర్తి దగ్గర ఉత్తరప్రత్యుత్తరాలు చూసే కార్యదర్శిగా చేశాడు, జూలియస్ సీజర్ నుంచి డొమిషియన్ దాకా 12 మంది పాలకుల జీవితాలు రాశాడు. టైబీరియస్, కలిగ్యులా, నీరో, డొమిషియన్ ఎంత క్రూరులో చెప్పే కథలు మనం ఎక్కడ విన్నా, వాటిలో చాలావాటికి మూలం ఈయనే. నా దగ్గరున్నది ఒక పేజీ లాటిన్, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉండే పుస్తకం. లాటిన్ డిక్షనరీ పక్కన పెట్టుకుని కూడబలుక్కుంటూ చదువుతాను.

మంటల సంగతి ఇదీ. క్రీ.శ. 64, జులై 18 రాత్రి అంటుకుంది. ఆరు పగళ్ళు ఏడు రాత్రులు కాలిందని సూటోనియస్ రాశాడు. రోములో 14 వార్డులుంటే 3 పూర్తిగా బూడిదయ్యాయి, 7 సగం సగం కాలి శిథిలాలు మిగిలాయి, 4 మాత్రం దక్కాయి, ఈ లెక్క టాసిటస్ అనే ఇంకో రోమన్ చరిత్రకారుడిది. ఇక నీరో గురించి సూటోనియస్ మాట: ఊరు తగలబెట్టించింది అతనే, మైకెనాస్ బురుజు ఎక్కి ఆ మంటలు చూస్తూ, "జ్వాలల అందానికి" మురిసిపోతూ (ఈ మాట నీరో నోటిదేనంటాడు), స్టేజీ మీద వేసుకునే బట్టలు వేసుకుని, ట్రాయ్ నగరం కూలిపోయిన పాట మొదటినుంచి చివరిదాకా పాడాడు.

పాడాడు. అక్కడ 'ట' లేదు. ఫిడేలు సరే, అసలు ఏ వాయిద్యం ఊసూ లేదు.

సూటోనియస్ కాలంలోనే బతికిన టాసిటస్ ఇదే సంగతిని ఎలా రాశాడో చూడండి. మంట అంటుకున్నప్పుడు నీరో ఊళ్ళోనే లేడు, ఆంటియంలో ఉన్నాడు, అది సముద్రం ఒడ్డున అతను పుట్టిన ఊరు. మంటలు తన ఇంటి దాకా వస్తున్నాయని తెలిశాకే తిరిగొచ్చాడు. వచ్చాక ఇళ్ళు పోయినవాళ్ళ కోసం మార్స్ మైదానం తెరిపించాడు, తన సొంత తోటలు తెరిపించాడు, తిండిగింజల ధర కొలతకి 3 సెస్టెర్సుల (రోమన్ నాణేలు) దాకా దించాడు. ఇన్ని చేసినా జనం మనసు కరగలేదు, ఎందుకంటే ఊరు కాలుతున్నప్పుడే అతను ఇంట్లో సొంత స్టేజీ ఎక్కి ట్రాయ్ నాశనం పాట పాడాడని పుకారు పాకిపోయింది, ఇదీ టాసిటస్ వాక్యం. పుకారు అని మాట పెట్టి మరీ రాశాడు. అసలు తగలబెట్టింది నీరోనా, ప్రమాదమా అన్నది కూడా తేలలేదు, రెండు రకాలుగా రాసినవాళ్ళూ ఉన్నారు అన్నాడు. అంటే 'ట' పెట్టాడు.

ఆ మంటల తర్వాత సుమారు 150 ఏళ్ళకి గ్రీకులో రాసిన డియో కాసియస్ దగ్గరికొస్తే నీరో రాజభవనం కప్పు ఎక్కాడు, కితారా అనే తీగల వాయిద్యం వాయించేవాళ్ళ వేషం కూడా వచ్చి చేరింది. ఒకరి దగ్గర బురుజు, ఒకరి దగ్గర ఇంట్లో స్టేజీ, ఒకరి దగ్గర మేడ కప్పు. చూసినవాళ్ళు చెప్పుంటే చోటు మూడుసార్లు మారదు కదా అనిపిస్తుంది నాకు.

ఇక్కడ నాకు ఆశ్చర్యమేసింది ఏంటంటే, కలిగ్యులా గుర్రం దగ్గర ఇదే సూటోనియస్ చాలా జాగ్రత్తగా ఉంటాడు. ఆ గుర్రం పేరు ఇన్కితాతుస్. దానికి పాలరాతి శాల, ఏనుగు దంతపు మేత తొట్టి, రాచవాళ్ళు కట్టే ఊదారంగు బట్ట, మెడలో రత్నాలు, ఒక ఇల్లు, సామాన్లు, పనివాళ్ళు. ఇవన్నీ మామూలుగా ఇచ్చాడు, కట్టించాడు అని రాస్తాడు. చివర్లో దానికి రోములో పెద్ద పదవైన కాన్సుల్ పదవి ఇద్దామనుకున్నాడు అనే మాట దగ్గరికి రాగానే 'త్రాదితుర్' అని ఒక్క మాట పెడతాడు. చెప్తారు, చెప్పుకుంటారు, అలా వినవస్తోంది అని అర్థం. "కాన్సుల్‌ని చేద్దామనుకున్నాడట." అంతే ఉంది మూలంలో. చెయ్యలేదు, అనుకున్నాడు, అది కూడా 'అట'. ఇవాళ ఎవరినడిగినా కలిగ్యులా గుర్రాన్ని మంత్రిని చేశాడు అంటారు. అనుకున్నాడు పోయింది, ట కూడా పోయింది.

లాటిన్లో ఈ పనికి త్రాదితుర్, దీకితుర్, ఫెర్తుర్, క్రేదితుర్ అని నాలుగైదు క్రియలు తిప్పి తిప్పి వాడతారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ప్రతిదానికీ ఒక చిన్న వాక్యం కట్టాలి, అందుకే అనువాదాల్లో అది బరువనిపించి జారిపోతుంది. మనకి ఒక్క అక్షరం చాలు, క్రియ చివర అతికిస్తే చాలు. సామెతలు మొత్తం దాని మీదే నడుస్తాయి, "కొంపలంటుకుని ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఒకడు", అడిగాడు అంటే ఆ సామెత చచ్చిపోతుంది. ఇంత మంచి పనిముట్టు చేతిలో పెట్టుకుని మేము డెస్కులో ఏం చేస్తామో చెప్పనా, కాపీలో 'ట' కనిపిస్తే మాట్లాడినట్టుందని కొట్టేసి దాని బదులు "అని తెలిసింది", "అని సమాచారం", "విశ్వసనీయ వర్గాల భోగట్టా" అని రాస్తాం. మూడు మాటలు. హెడ్డింగులో మూడు మాటలకి చోటుండదు కాబట్టి అక్కడ అదీ ఉండదు.

నా ప్రశ్న ఇది. సూటోనియస్‌ని తెలుగులో పెట్టాలంటే త్రాదితుర్‌కి ఏం రాయాలి? "అని ప్రతీతి" అంటే అదేదో గుడి స్థలపురాణంలా ఉంటుంది. "అంటారు" అంటే ఫర్వాలేదు గానీ ప్రతి పేజీలో పదిసార్లు వస్తే విసుగు. నా ఓటు 'ట'కే. మీరేమంటారు, మీ వైపు దీన్ని ఎలా పలుకుతారు?

*

కామెంట్:
అమ్మా, మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. 34 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను, మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. పాత అచ్చు పుస్తకాల్లో ఇది అరసున్నతో 'అఁట' అని ఉంటుంది, అందుకే కొందరి నోట నిండు సున్నతో 'అంట' అని వినపడుతుంది, కొందరి నోట సున్న పూర్తిగా పోయి 'అట' అయింది, రెండూ ఒక తల్లి పిల్లలే. మీరు ఒక్క విషయం వదిలేశారు. 'ట' ఎప్పుడూ నాకు తెలియదు, విన్నాను అని మాత్రమే చెప్పదు. "ఆయన పెద్ద పండితుడట!" అని కాస్త సాగదీసి అనండి, అప్పుడు అర్థం పూర్తిగా తిరిగిపోతుంది, నేను ఒప్పుకోను అని. "నాకు చెప్పకుండా వెళ్ళాడట" అన్నప్పుడు అందులో నిష్ఠూరం ఉంటుంది. మరి మీ లాటిన్ మాటలో ఈ ఎత్తిపొడుపు ఉందా? లేకపోతే 'ట' పెట్టి మీరు రచయిత అననిది అనిపించినట్టవుతుంది.

నా జవాబు:
మాస్టారూ, నమస్కారమండీ. ఇది నాకు నిజంగా తట్టలేదు. త్రాదితుర్‌లో ఎత్తిపొడుపు లేదండీ, నాకు అర్థమైనంతలో అది చదునైన మాట. తెలుగులో ఎత్తిపొడుపంతా గొంతులో ఉంటుంది, కాగితం మీద పక్క మాటల్ని బట్టి తెలుస్తుంది. కాబట్టి "కాన్సుల్‌ని కూడా చేద్దామనుకున్నాడట" అంటే చదునుగానే ఉంటుంది, "గుర్రం కాన్సులట!" అంటే మనం వెక్కిరించినట్టు. ఆ తేడా అనువాదం చేసేవాళ్ళు చూసుకోవాలి. మీరన్నది ఇప్పుడే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

*

కామెంట్:
మా కరీంనగర్ దిక్కు 'వాయించిండట' అంటం, 'వాయించిండంట' గూడ అంటం అక్కా, మా అమ్మమ్మయితే ఏం చెప్పినా ఆఖర్ల 'అట' లేకుండ చెప్పకపోయేది. నాకొక డౌట్, సూటోనియస్ రాజుల దగ్గర కొలువు చేసినోడే గద, మరి దర్బార్ల కాయితాలు చూసే రాసి ఉండడా, అన్ని విన్న ముచ్చట్లేనా?

నా జవాబు:
తమ్ముడూ మంచి ప్రశ్న అడిగావు, అన్నీ విన్నవి కాదు. ఆయనకి ఏది ఎక్కడినుంచి వచ్చిందో కొన్నిచోట్ల విడిగా చెప్తాడు, నాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

కలిగ్యులా ఎక్కడ పుట్టాడు అనే దాని మీద గొడవుంది. ఒకాయన తిబూర్ అన్నాడు, పెద్ద ప్లీనీ జర్మనీ సరిహద్దు వైపు అన్నాడు. సూటోనియస్ ఇద్దరి మాటా పక్కన పెట్టి, ప్రభుత్వ గెజిట్లలో ఆంటియంలో పుట్టినట్టు నేను చూశాను అని రాస్తాడు. ఇక్కడ 'ట' పెట్టాల్సిన పని లేదు, "పుట్టాడు" అనెయ్యొచ్చు. ఇంకోటి, నీరో కవిత్వం సొంతం కాదు, పక్కనున్నవాళ్ళు రాసిచ్చిందే అని కొందరనేవాళ్ళు. దానికి ఆయన, నీరో నోట్‌బుక్కులు నా చేతికొచ్చాయి, అతని దస్తూరీతో ఉన్నాయి, ఎవరో చెప్తే రాసుకున్నట్టు లేదు, ఆలోచించుకుంటూ రాసినవాడు చేసినట్టే కొట్టివేతలు, చెరిపి రాసినవి, పైన ఇరికించినవి చాలా ఉన్నాయి అంటాడు. ప్రూఫులు దిద్దే పనిలో ఉన్నదాన్ని కదా, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. రోము తగలబెట్టాడంటున్న మనిషి రాత్రిపూట కూర్చుని ఒక మాట కొట్టేసి పైన ఇంకో మాట రాసుకుంటున్నాడు.

ఇక నీకు బాగా నచ్చేది ఇది, తాత ముచ్చట. కలిగ్యులా బాయే దగ్గర సముద్రం మీద వంతెన కట్టించాడు, సరుకు ఓడల్ని రెండు వరసల్లో నిలబెట్టి లంగరేసి, వాటి మీద మట్టి పోసి రోడ్డు చేసి, మూడు రోమన్ మైళ్ళ పైచిలుకు పొడుగు, దాని మీద గుర్రమెక్కి అటూ ఇటూ తిరిగాడు. ఎందుకూ అంటే, అలాగే సముద్రం మీద వంతెన వేసిన పర్షియా రాజు జెర్క్సీస్‌తో పోటీ అని కొందరు, జర్మనీనీ బ్రిటన్‌నీ బెదిరించడానికి అని కొందరు. అప్పుడు సూటోనియస్, నా చిన్నప్పుడు మా తాత చెప్తుంటే వినేవాణ్ణి, అసలు కారణం వేరేనట అని మొదలుపెడతాడు. టైబీరియస్ దగ్గర త్రాసిల్లుస్ అనే జ్యోతిష్కుడుండేవాడు, వాడు "గాయుస్ (అంటే కలిగ్యులాయే) చక్రవర్తి అవడం, బాయే సముద్రం మీద గుర్రం స్వారీ చెయ్యడం, రెండూ జరగని పనులే" అన్నాడట, అది పట్టుకుని వీడు స్వారీ చేసి చూపించాడట. ఈ సంగతి దర్బారు లోపలివాళ్ళు తాతకి చెప్పారు, తాత మనవడికి చెప్పాడు, మనవడు రాశాడు. మీ అమ్మమ్మ 'అట' ఎక్కడ పెడుతుందో సరిగ్గా అక్కడే పెట్టుకోవాలి దీనికి.

*

కామెంట్:
నేను వయొలిన్ నేర్పిస్తానండీ, ఫిడేలు మాట ఎత్తారు కాబట్టి వచ్చాను. కితారా అంటే మన సితారేనా? ఫిడేలు ఎలా అయ్యింది?

నా జవాబు:
సితార్ కాదండీ, అది పర్షియన్ మాట, మూడు తీగలు అని అర్థం. కితారా నుంచి వచ్చింది గిటార్ అనే మాట. కితారాకి కమాను ఉండదు, ఒంటికి ఆనించి నిలువుగా పట్టుకుని మీటుతారు. కమానుతో వాయించే వయొలిన్ ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఇటలీలో 16వ శతాబ్దంలో గానీ రాలేదు, నీరోకి దాదాపు 1500 ఏళ్ళ తర్వాత. ఇంగ్లీషువాళ్ళు ఆ తీగ వాయిద్యానికి తమకి తెలిసిన ఫిడిల్ పేరు పెట్టేసుకున్నారు. వాళ్ళ భాషలో ఫిడిల్ అంటే పనీపాటా లేకుండా ఏదో ఒకటి కెలుకుతూ కూర్చోవడం అని కూడా ఒక అర్థముంది, అందుకని ఆ సామెత వాళ్ళకి రెండు విధాలా కుదిరింది. మనకి అలా కాదు. మన దగ్గర బాలుస్వామి దీక్షితర్ రోజుల్లో ఆ వాయిద్యం కచేరీల్లోకి వచ్చింది, విజయనగరం ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని జనం ఫిడేలు నాయుడు గారు అనే పిలుచుకున్నారు. తెలుగులో ఫిడేలు గౌరవమైన మాట. ఆ మాటకి నిర్లక్ష్యం అంటగట్టింది ఈ ఒక్క సామెతే, నాకు అది బాధగా ఉంటుంది.

మీ ప్రశ్న వల్ల ఇంకోటి కూడా తేలింది. మనం తెలుగులో ఈ సామెత ఎప్పుడు వాడతాం? ఎవరికైనా పట్టనప్పుడు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నప్పుడు. సూటోనియస్ మోపిన నేరం అది కాదు. ఆయన రాసిన నీరో పట్టించుకోని మనిషి కాడు, కళ్ళు విప్పార్చుకుని చూస్తున్నాడు, ఆ మంటలో అందం కనపడింది, దానికి తగిన పాట వెతుక్కున్నాడు, వేషం కూడా కట్టాడు. పట్టనితనం కన్నా అది ఘోరం. చుట్టకి నిప్పడిగినవాడికి కనీసం చుట్ట కాల్చుకునే అవసరమైనా ఉంది. ఇన్ని చేతులు మారేసరికి క్రూరత్వం కాస్తా బద్ధకం అయిపోయింది, మేమేమో దాన్ని మీటింగుకి లేటుగా వచ్చిన మంత్రి మీద కూడా వాడేస్తున్నాం.

*

కామెంట్:
చర్చ బాగుంది కానీ మేడమ్, ఒకటి అడుగుతాను ఏమీ అనుకోవద్దు. 2000 ఏళ్ళ కిందటి ఆ దుర్మార్గుల కథలు ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకు? పిల్లలకి చెప్పే కథలా అవి?

నా జవాబు:
అనుకోవడానికేముందండీ, మా ఇంట్లో కూడా ఈ మాట వచ్చింది. నేను నాకు తోచింది చెప్తాను.

వాళ్ళు చంపిన మనుషుల లెక్క చదివితే నాకు ఏమీ గుర్తుండదు. గుర్తుండేవి చిన్నవి. డొమిషియన్ రాజైన కొత్తల్లో రోజూ గంటలకొద్దీ ఒంటరిగా గదిలో కూర్చుని ఈగల్ని పట్టుకుని వాడి గంటంతో పొడిచేవాడు. లోపల రాజుగారితో ఎవరైనా ఉన్నారా అని ఒకరడిగితే వీబియుస్ క్రిస్పుస్ అనే ఆయన "ఈగ కూడా లేదు" అన్నాడు. మనం ఈగలు తోలుకుంటున్నాడు అంటే బేరాల్లేక ఖాళీగా ఉన్నాడని. అక్కడ ఈగలు పొడవడం అంటే తర్వాత రాబోయేదానికి ముందు గుర్తు. ఆ గదిలో ఒక్కడే కూర్చున్న మనిషి, చేతిలో గంటం, ఇది ఒకసారి చదివాక మర్చిపోలేం. టైబీరియస్ కాప్రి దీవిలో ఉండగా ఒక జాలరి కొండ వెనకనుంచి ఎగబాకి వచ్చి పెద్ద చేప కానుక ఇచ్చాడు. చెప్పకుండా మీదికి వచ్చేసరికి రాజు హడలిపోయి ఆ చేపతోనే వాడి మొహం రుద్దించాడు. నొప్పితో విలవిల్లాడుతూ జాలరి, నేను పట్టిన పెద్ద పీత కూడా తీసుకురాలేదు, బతికిపోయాను అన్నాడు. రాజు ఆ పీతని తెప్పించి దాంతోనూ మొహం చీరించాడు. ఆ జాలరి పేరు కూడా మనకి తెలియదు, కానీ వాడి మాట మిగిలింది. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటాం కదా, సూటోనియస్‌కి ఎలుక ఏమందో కూడా వినపడింది.

ఇంకో కారణం భయం. టాసిటస్ తన పుస్తకం మొదట్లోనే చెప్తాడు, టైబీరియస్, గాయుస్, క్లాడియస్, నీరో బతికుండగా వాళ్ళ చరిత్ర రాసినవాళ్ళు భయంతో అబద్ధం రాశారు, వాళ్ళు పోయాక రాసినవాళ్ళు పచ్చి ద్వేషంతో రాశారు అని. డొమిషియన్‌ని 96లో చంపారు, సూటోనియస్ ఈ పుస్తకం రాసింది దానికి సుమారు పాతికేళ్ళ తర్వాత. అప్పటిదాకా గుసగుసగా నలిగిన మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చి పడ్డాయి. అందుకే వాటిల్లో ఇంత బలం. అందుకే వాటికి 'ట' అవసరం కూడా. క్రూరుడి మీద ఏం చెప్పినా నమ్మేస్తాం, నమ్మడం తేలిక కాబట్టి అక్కడే ఎక్కువ జాగ్రత్తపడాలి. నేను నీరోని వెనకేసుకు రావడం లేదండీ, కన్నతల్లిని చంపించినవాడు. కానీ అతను పోయాక చాలా ఏళ్ళపాటు వసంతంలోనూ వేసవిలోనూ అతని సమాధి మీద ఎవరో పూలు పెడుతూనే ఉన్నారని కూడా అదే సూటోనియస్ రాశాడు. ఆ పూలు పెట్టినవాళ్ళు ఏం చెప్పుకునేవాళ్ళో అది ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు.

*

కామెంట్:
కలిగ్యులా డైలాగు ఒకటుంది కదా అండీ, "ఓదెరింత్ దుమ్ మెతుఅంత్". దీనికి తెలుగు ఎవరైనా చెయ్యండి. "వారు నన్ను ద్వేషించుగాక, వారు నాకు భయపడునంతవరకు" అని ఒకచోట చూశాను, నోరు తిరగలేదు.

నా జవాబు:
మీరు చూసింది ఇంగ్లీషు వాక్యానికి తెలుగు చొక్కా తొడగడం. లాటిన్లో మూడే మాటలు, నేను అనే మాట కూడా లేదు. ఓదెరింత్ అంటే ద్వేషించనీ, అనుమతి ఇచ్చి వదిలేస్తున్నట్టు. దుమ్ అంటే ఇక్కడ 'అంతవరకు' కాదు, 'అలా ఐతే చాలు' అనే షరతు. మెతుఅంత్ అంటే భయపడడం. మన 'నీ', 'చాలు' ఆ రెండు పనులూ చేస్తాయి కాబట్టి "ద్వేషించనీ, భయపడితే చాలు" అంటే సరిపోతుంది. ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అయితే "తిట్టుకుంటే తిట్టుకోనీ, భయముంటే చాలు" అంటాం, అది ఇంకా దగ్గరగా ఉంది నాకు. టైబీరియస్ దీన్నే మార్చి "ద్వేషించనీ, ఒప్పుకుంటే చాలు" అనేవాడు.

ఈ మాట కలిగ్యులా సొంతం కాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. అక్కియుస్ అనే పాత నాటకకర్త రాసిన విషాద నాటకంలో అత్రెయుస్ అనే దుష్టరాజు నోటి మాట అది. సూటోనియస్ అక్కడ వాడిన క్రియ 'యక్తాబాత్', విసిరేవాడు, గొప్పకి అంటుండేవాడు అని. తెలుగులో దానికి సరైన మాట డైలాగు కొట్టడమే. విలన్ డైలాగు రాజు కొడుతున్నాడు, ఎదురుగా ఉన్నవాళ్ళకి అది ఏ నాటకంలోదో తెలుసు, ఆ రాజు అన్నదమ్ముడి పిల్లల్ని వండి అన్నదమ్ముడికే వడ్డించాడని కూడా తెలుసు. ఆ మాట విన్నవాళ్ళ కడుపులో ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇంకో సంగతి, కలిగ్యులా అసలు పేరు గాయుస్. కలిగ అంటే సిపాయి బూటు, కలిగ్యులా అంటే బుల్లి బూటు. పసివాడిగా తండ్రితో సైనికుల మధ్య తిరుగుతుంటే వాళ్ళే ముద్దుగా పెట్టిన పేరు. మన ఇళ్ళల్లో బుజ్జిగాడు, చిట్టిగాడు అన్నట్టు. ఆ ముద్దుపేరుతోనే మనం ఇప్పటికీ ఆ మనిషిని తలుచుకుంటున్నాం.

*

కామెంట్:
ఇంతకీ అమ్మాయి వ్యాసంలో ఏం రాసిందమ్మా? (పైన రాసిన మాస్టారినే.)

నా జవాబు:
మాస్టారూ, మొదట "నీరో ఫిడేలు వాయించాడట" అని దిద్దింది. తర్వాత ఫిడేలు అప్పటికి లేదని నేను చెప్తే అది కూడా కొట్టేసి "రోమ్ తగలబడుతుంటే నీరో పాడాడట" అని రాసింది. వాళ్ళ నానమ్మ సరే అన్నారు. నోట్‌బుక్కుల సంగతి కూడా చెప్పాను, దాని దగ్గర 'ట' అక్కర్లేదు, సూటోనియస్ చేత్తో పట్టుకుని చూశాడు అని. అయితే నీరో ఏ మాటలు కొట్టేశాడమ్మా అని అడిగింది. పుస్తకం తీసి ఇద్దరం ఆ పేజీ మళ్ళీ చదివాం. చాలా కొట్టివేతలున్నాయి అన్నాడే గానీ, కొట్టేసిన మాట ఒక్కటీ రాయలేదు.